వెయ్యో వంతు

పద్నాలుగేళ్లుగా నేను చెప్పే మాట ఒక్కటే:
కదలకండి.
చాంద్రాయణగుట్ట చౌరస్తాలో, మెట్ల కింది స్టూడియోలో
గడ్డం కొంచెం పైకి, చెవులు కనబడాలి,
నవ్వొద్దు, ఫారాలకి నవ్వు పనికిరాదు.
తెల్ల తెర ముందు ఊపిరి బిగబట్టి
బస్తీ మొత్తం ఒక్కొక్కరే బొమ్మయిపోయారు.

కోఠిలో పాత లెన్సొకటి దొరికింది, పొడుగుది.
ఎన్ని పెళ్లిళ్లు చూసి అలిసిందో, రింగు వదులు.
రబ్బరు బ్యాండు బిగించి
ఆదివారం బార్కస్ గ్రౌండుకి పోయాను.

అక్కడ నా మాట ఎవరు వింటారు?

ఇంటికొచ్చి చూస్తే రెండొందల పద్నాలుగు ఫొటోలు.
కాళ్లన్నీ పొగ. మొహాలు నీళ్లలో కలిసిన రంగు.
సెంటర్ ఫార్వర్డుకి మూడు చేతులు.
వాళ్ల వెనక తోపుడుబండి మీద జామపండ్లు మాత్రం
ఒక్కో పండు మచ్చతో సహా
అద్దంలా పడ్డాయి.
అయినా ఆగలేక పన్నెండు ఆన్‌లైన్‌లో పెట్టాను.
"జామకాయలు కిలో ఎంతక్కా?" అన్నాడొకడు.
మా చెల్లెలొక్కతే గుండె బొమ్మ పెట్టింది,
అదీ చూడకుండా.

లైను మీద జెండా పట్టుకుని ఉరికే మోజెస్ సార్
విరామంలో నా పక్కన మోకాళ్లు పట్టుకుని కూలబడ్డాడు.
"బంతి ఎంబడి పడకు బిడ్డా.
బంతికి మొహం ఉండదు.
అది ఎటొస్తదో గోలీ కండ్లల్ల ముందే కనబడ్తది.
ఆడ కాచుకో."

దుమ్ములో కూర్చున్నాను, గోలు స్తంభం పక్కన.
సెకన్ను వెయ్యి ముక్కలు చేస్తే
ఏదో ఒక ముక్కలో కాలు ఆగుతుంది.
వెలుగు చాలకపోతే ఐఎస్ఓ పెంచాలి,
పెంచితే ఫొటో నిండా ఇసుక రాలుతుంది.
రాలనీ, మసక కన్నా ఇసుక నయం.
మీట సగం నొక్కి, దొరికిన కన్ను వదలకుండా
నా ఊపిరి నేనే బిగబట్టి

ఆరో ఆదివారం,
వానకి ముందొచ్చే ఆ పసుప్పచ్చ వెలుగులో
టకటకటకా పదకొండు.
ఏడోదాంట్లో
సాలెం గాల్లో అడ్డంగా పడుకుని ఉన్నాడు.
కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.
బంతి అతన్ని దాటుతోంది.
నా మొదటి పదునైన ఫొటో!
రాత్రి పదిన్నరకి పెట్టేసి పడుకున్నాను.

తెల్లారేసరికి మూడొందల నలభై మంది చూశారు.
"ఈతకొచ్చిండా?" అని రాశాడు ఎవడో.
ఎవడో సాలెం తల కింద దిండు అతికించి
మళ్లీ అందరికీ పంచాడు.
మసకగా తీసినన్నాళ్లూ
నా ఫొటో ఎవరికీ గుచ్చుకోలేదు.

మంగళవారం సాలెమే వచ్చాడు.
స్పోర్ట్స్ కోటా ఫారానికి, ఆరు కాపీలు.
స్టూలు మీద కూర్చున్నాడు.
కదలకు అనడానికి నోరు రాలేదు నాకు.
"అది తీసేస్తా సాలెం," అన్నాను తెర సర్దుతూ.

"తీయకు సుగుణక్కా."

ఫోన్ తీశాడు. దిండు లేని అసలుది.
రెండు వేళ్లతో సాగదీశాడు, ఇంకా, ఇంకా,
మొహం పక్కకి జరిగిపోయింది, భుజం పోయింది,
గ్లౌజు చివర ఆగాడు.
"నేను తాకనే లేదన్నరు. కోచ్ సాబ్ భీ.
ఇగో."

చూపుడు వేలు, దాని పక్క వేలు
వెనక్కి విరిగినట్టు వంగి ఉన్నాయి.
బంతి మీది దుమ్ములో
రెండు వేళ్ల వెడల్పు గీత.

తీసింది నేను.
వారం నుంచి దాన్నే చూసుకుంటున్నదీ నేను.
రెప్పలు లెక్కపెట్టాను తప్ప
వేళ్ల దాకా పోలేదు.

వేళ్ల వరకే కోసి పెద్ద సైజులో ప్రింటు తీసిచ్చాను.
ఇసుక బాగానే రాలింది.
దానికి డబ్బు తీసుకోలేదు, ఆరు కాపీలకే తీసుకున్నాను.

ఫారం ఫొటోలో కొంచెం నవ్వాడు.
అదొక్కటి మళ్లీ తియ్యాల్సొచ్చింది.